ముందు గని నుంచి పంపేశారు, నాలుగేళ్ళకు ప్రసూతి చట్టం తెచ్చారు



పోయిన నెల మన స్టడీ సర్కిల్‌లో ఒక ప్రశ్న వచ్చింది. ఆ రోజు దానికి నేను సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కొంత చదివాను, కొంత పాతది గుర్తు చేసుకున్నాను. పోస్టు పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

ఆ రోజు రానివాళ్ళ కోసం సంగతి చెప్తాను. మనలో ఒక అక్క ఒక హాస్టల్లో అవుట్‌సోర్సింగ్ మీద వంట పని చేస్తుంది. మూడేళ్ళ నుంచి అక్కడే. ఆరో నెల నిండాక కాంట్రాక్టర్ మనిషి వచ్చి, ఇంక రేపట్నుంచి రావొద్దమ్మా, కాన్పయ్యాక చూద్దాం అన్నాడంట. లెటర్ లేదు, జీతం మాట లేదు. అక్క అందరి ముందు ఒక్కటే అడిగింది: "నాకేమైనా వస్తదా?" మనం ప్రసూతి సెలవు గురించి మాట్లాడుకుంటుంటే లా చదివే ఒక తమ్ముడు లేచాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఒక పక్క సమాన హక్కులంటారు. ఇంకో పక్క ఆడవాళ్ళకు ప్రత్యేకంగా సెలవులు కావాలంటారు. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి?" అన్నాడు.

కొందరు నవ్వారు. కొందరు చెల్లెళ్ళకు కోపం వచ్చింది. నాకైతే తమ్ముడు అడిగింది మంచి ప్రశ్నే అనిపించింది. వందేళ్ళకు పైగా స్త్రీవాదులు తమలో తాము కొట్లాడుకున్న ప్రశ్న అదే. కాకపోతే మన దేశంలో ఆ కొట్లాట ఎవరి బతుకు మీద నడిచిందో మన పుస్తకాల్లో పెద్దగా రాయరు. అది చెప్పాలంటే బొగ్గు గనుల్లోకి పోవాలి.

మనకు గని అంటే కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి గుర్తొస్తాయి. ఇప్పుడు నేను చెప్పేది ఝరియా, రాణిగంజ్ గనుల సంగతి. ఒకటి నేటి జార్ఖండ్‌లో, ఇంకోటి పశ్చిమ బెంగాల్‌లో ఉంది. బ్రిటిష్ కాలంలో అక్కడ గనుల్లోకి మొదట దిగినవాళ్ళలో చాలామంది సంతాల్ ఆదివాసులు, బౌరీ లాంటి దళిత కులాల వాళ్ళు. మనిషొక్కడే వచ్చి పని చేసేవాడు కాదు. మొగుడూ పెళ్ళాం జంటగా దిగేవాళ్ళు. అతను గొడ్డలి లాంటి పనిముట్టుతో బొగ్గు కొడితే, ఆమె తట్టలో ఎత్తి నెత్తిన పెట్టుకుని మోసేది, టబ్బులో నింపేది. బొగ్గు కొట్టేవాణ్ణి మల్కట్టా అనేవాళ్ళు, మోసే ఆమెను కామిన్ అనేవాళ్ళు. గనులు అప్పుడు మరీ లోతు ఉండేవి కావు. చాలాచోట్ల ఇంక్లైన్ దారిలో నడిచే దిగేవాళ్ళు. 1920ల మొదట్లో బొగ్గు గని కార్మికుల్లో మూడో వంతుకు పైగా ఆడవాళ్ళే. కామిన్ల చరిత్ర మీద కుంతలా లాహిరీ దత్ లాంటి పరిశోధకులు చాలా పని చేశారు. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్ళు వెతికి చదవండి.

ఆ పని బాగుండేదని నేను అనడం లేదు. చీకటి, తడి, పైకప్పు కూలే భయం, కడుపుతో ఉన్నా తట్ట మోయడం, కూలి మొగవాళ్ళ కన్నా తక్కువ. చంటిపిల్లల్ని కూడా వెంట తీసుకునే దిగాల్సి వచ్చేది. 1923 గనుల చట్టంతో 13 ఏళ్ళ లోపు పిల్లల్ని గనుల్లోకి రానివ్వడం ఆగింది. తల్లి మాత్రం పోవాల్సిందే, ఎందుకంటే ఇద్దరి కూలి కలిస్తేనే ఇల్లు గడిచేది.

అప్పుడు ప్రపంచమంతా ఒక మాట నడుస్తోంది. ఆడవాళ్ళను భూగర్భంలో పని చేయించడం అనాగరికం, వాళ్ళకు రక్షణ కావాలి అని. మాట మంచిదే. దాన్ని అమలు చేసిన తీరు చూడండి. 1929లో ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. బెంగాల్, బిహార్ లాంటి చోట్ల భూగర్భ పనిలో ఉన్న ఆడవాళ్ళను ఏటా కొంత చొప్పున తగ్గించుకుంటూ పోయి పదేళ్ళలో పూర్తిగా తీసేయాలన్నారు. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఆడవాళ్ళు భూగర్భంలో పని చేయకూడదని ఒప్పందం చేసింది. దాంతో ఇక్కడ పదేళ్ళ గడువు దాకా కూడా ఆగలేదు. 1937 అక్టోబరు నుంచే నిషేధం పూర్తిగా అమలైంది.

తీసేసిన ఆడవాళ్ళకు బదులు పని చూపించారా? లేదు. పోయిన కూలికి పరిహారం? అదీ లేదు. కొంతమంది పైన బొగ్గు ఏరే పనికి, ఎత్తే పనికి పోయారు, అక్కడ కూలి ఇంకా తక్కువ. ఇంటికి రెండు కూలీలు వచ్చే చోట ఒకటిన్నర, ఒకటి అయింది. జంటగా పని చేసే పద్ధతి దెబ్బతిన్నది. ఇళ్ళూవాకిళ్ళూ దూరంగా వదిలి ఒంటరిగా వచ్చే మొగ కూలీల వైపు గనులు మళ్ళాయి.

ఇంకో తేదీ చూడండి. గనుల్లో పని చేసే ఆడవాళ్ళకు కేంద్రం ప్రసూతి చట్టం తెచ్చింది 1941లో. కాన్పుకు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు డబ్బులిచ్చే చట్టం. మంచి చట్టమే. అది వచ్చేసరికి భూగర్భంలో ఒక్క ఆడమనిషికి కూడా పని లేదు. పైన పని చేసేవాళ్ళకే అది పనికొచ్చింది. మొదటిసారి ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేను కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ప్రసూతి చట్టమే ముందొచ్చి ఉంటే, గని యజమాని ఆమెకు సెలవిచ్చి, డబ్బిచ్చి, మళ్ళీ పనిలో పెట్టుకోవాల్సి వచ్చేది. రక్షణ పేరుతో పంపేయడంతో అతనికి ఆ ఖర్చే తప్పింది.

కథ అక్కడితో అయిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బొగ్గు కావాలి. గని కూలీలు మిలిటరీ పనుల్లో ఎక్కువ కూలి దొరుకుతుందని అటు పోతున్నారు. 1943 ఆగస్టు నుంచి ప్రభుత్వం నిషేధం ఎత్తేయడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ క్రితం సున్నితమని చెప్పిన ఆడమనిషి ఒళ్ళు ఒక్కసారిగా గట్టిపడింది చూడండి! యుద్ధం అయిపోయాక 1946 ఫిబ్రవరిలో మళ్ళీ నిషేధం పెట్టారు. మళ్ళీ సున్నితం.

అఖిల భారత మహిళా సభ నిషేధాన్ని సమర్థించింది, 1943లో ఎత్తేసినప్పుడు గట్టిగా వ్యతిరేకించింది. వాళ్ళు చెడ్డ ఉద్దేశంతో చేశారని నేననను. స్త్రీల ఓటు హక్కు కోసం, ఆస్తి హక్కు కోసం పోరాడినవాళ్ళే వాళ్ళు. అయితే ఎక్కువమంది చదువుకున్న, కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు. గని దిగే సంతాల్ ఆమెను చూస్తే వాళ్ళకు జాలి కలిగింది. ఆ జాలిలో ఆమె కూలి మనిషి అన్న సంగతి కనబడలేదని నా అభిప్రాయం.

అప్పుడు కేంద్రంలో కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కర్ గారు. నిషేధం ఎత్తేసినందుకు 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో ఆయన సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది అత్యవసర పరిస్థితి అంటూనే, గనిలో ఆడవాళ్ళకు మొగవాళ్ళతో సమానంగా కూలి ఇప్పిస్తున్నామని, స్త్రీ పురుష భేదం లేకుండా సమాన పనికి సమాన కూలి అన్న సూత్రం ఒక పరిశ్రమలో స్థిరపడటం ఇదే మొదటిసారి అనుకుంటానని ఆయన చెప్పారు. యుద్ధానికి బొగ్గు కావాలి కాబట్టి ఆడవాళ్ళను దించారు, నిజమే. ఆ ఇరుకులో కూడా ఆయన సమాన కూలి మాట పట్టుకొచ్చారు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకిష్టం లేదు.

ప్రసూతి గురించి ఆయన అంతకుముందే, 1928లో, బొంబాయి శాసనమండలిలో మాట్లాడారు. తమ్ముడి ప్రశ్నకు నాకు దొరికిన అన్నిటికన్నా సూటి జవాబు అక్కడే ఉంది. ముందు ఆ నేపథ్యం రెండు ముక్కల్లో చెప్తాను. 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రసూతి ఒప్పందం చేసింది: కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు. డబ్బు ప్రభుత్వ నిధి నుంచో, బీమా నుంచో రావాలి. భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర సభలో బిల్లు పెడితే నెగ్గలేదు. బొంబాయి మిల్లుల్లో ఆడ కార్మికుల పరిస్థితి మీద డాక్టర్ బార్న్స్ చేసిన విచారణలో, పనికి పోయే ముందు పసిపిల్లలకు నల్లమందు పెట్టి పడుకోబెడుతున్నారని బయటపడింది. అట్లాంటి రోజుల్లో బొంబాయి మండలిలో ప్రసూతి బిల్లు వచ్చింది.

మిల్లు యజమానుల తరపువాళ్ళు అడిగింది ఏమిటంటే: బిడ్డను కనేది ఆమె, లాభం దేశానికి, ఖర్చు మాకెందుకు? అంబేడ్కర్ గారు దాన్ని కొట్టిపారేయలేదు. ప్రజల మేలు చూడటం ప్రధానంగా ప్రభుత్వం బాధ్యతే, కాబట్టి ఈ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఇంకో మాట అన్నారు. యజమాని ఆడమనిషిని పనిలో పెట్టుకునేది దయతో కాదు. మొగవాళ్ళ కన్నా ఆమెతో తనకు ఎక్కువ లాభం కనబడితేనే పెట్టుకుంటాడు. ఆ లాభం తీసుకునేవాడు ఖర్చులో కొంతైనా భరించడం న్యాయమే కదా అన్నది ఆయన వాదన. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. రోజుకు ఎనిమిది అణాలు. మన వైపు కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు రాష్ట్రంలో 1934 నాటి చట్టం వచ్చింది. రెండూ ఫ్యాక్టరీల వరకే. పొలంలో, అడవిలో పని చేసేవాళ్ళు ఆ లెక్కలోనే లేరు.

ఇక్కడ చిక్కుముడి చూడండి. ప్రభుత్వం భరించాలన్నది కాగితం మీద మాటగా మిగిలిపోయింది, ఖర్చంతా యజమాని మీద పడింది. యజమాని ఏం చేస్తాడు? 1944లో వేసిన రెగే కమిటీ దేశంలోని పరిశ్రమలన్నీ చూసి 1946లో నివేదిక ఇచ్చింది. కడుపు కనబడగానే ఆడవాళ్ళను పనిలోంచి తీసేస్తున్నారని, పెళ్ళి కానివాళ్ళనో వితంతువులనో చూసి పెట్టుకుంటున్నారని అందులో రాశారు. మన అక్కకు కాంట్రాక్టర్ చెప్పిన మాట కొత్తదేం కాదు. ఎనభై ఏళ్ళ క్రితమే ప్రభుత్వ నివేదికలోకి ఎక్కిన పద్ధతి అది.

సమానత్వమా, ప్రత్యేక రక్షణా అన్న వాదన బయటి దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, ఇంకా పెద్దగా నడిచింది. తమ్ముడు లా చదువుతున్నాడు కాబట్టి రెండు కేసులు చెప్తాను. 1908లో ముల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, లాండ్రీలో ఆడవాళ్ళతో రోజుకు పది గంటల కన్నా ఎక్కువ పని చేయించకూడదన్న ఆరెగన్ రాష్ట్ర చట్టాన్ని సమర్థించింది. కారణంగా చెప్పింది ఆడవాళ్ళ శరీరం, తల్లితనం. ఫ్లోరెన్స్ కెల్లీ లాంటి కార్మిక ఉద్యమకారిణులు గెలిచామనుకున్నారు. తర్వాత అదే కారణం చూపించి ఆడవాళ్ళను రాత్రి పని నుంచి, బాగా జీతమొచ్చే పనుల నుంచి దూరం పెట్టారు. 1923లో ఆలిస్ పాల్ వాళ్ళు చట్టంలో స్త్రీ పురుష భేదమే ఉండకూడదని సమాన హక్కుల సవరణ పెట్టించారు. కెల్లీ వాళ్ళు దాన్ని వ్యతిరేకించారు. ఇద్దరూ స్త్రీవాదులే, చూడండి.

రెండోది లిలియన్ గార్లండ్ కేసు. లాస్ ఏంజెలిస్‌లో ఒక బ్యాంకులో రిసెప్షనిస్టు, నల్లజాతి ఆమె. 1982లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మూడు నెలలకు తిరిగి పనికి వస్తే ఉద్యోగం లేదన్నారు. జీతం లేక ఇల్లు పోయింది, బిడ్డను తన దగ్గర ఉంచుకునే హక్కూ పోయింది. కాన్పుకు పోయినవాళ్ళకు ఉద్యోగం తిరిగి ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం ఉంది. అది మొగవాళ్ళ పట్ల వివక్ష అని బ్యాంకు కోర్టుకెక్కింది. అప్పుడు పెద్ద పేరున్న మహిళా సంఘాలు కొన్ని ఏమన్నాయంటే, గర్భిణులకు మాత్రమే ప్రత్యేకంగా ఇవ్వడం ప్రమాదం, జబ్బు చేసి సెలవు పెట్టే ప్రతి కార్మికుడికీ అదే హక్కు ఇవ్వండి అన్నాయి. ఇంకో వైపు స్త్రీవాదులు కాదన్నారు. మొగవాడు పిల్లల్ని కని కూడా ఉద్యోగం నిలుపుకుంటున్నాడు, ఆమెకూ ఆ అవకాశం ఉండటమే సమానత్వం అని వాదించారు. 1987లో సుప్రీంకోర్టు గార్లండ్ వైపు తీర్పు చెప్పింది. తీర్పు రాసింది తర్‌గుడ్ మార్షల్, ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి.

తమ్ముడూ, నాకు రెండో వైపు వాదనే సబబుగా అనిపిస్తుంది. పని చేసే చోటును మొదట్నుంచీ కడుపు రాని మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టారు. ఎనిమిది గంటలు, ఏడాదంతా, మధ్యలో గ్యాప్ లేకుండా. ఆ కొలత మొగవాడిది. ఆ కొలతలో ఆడమనిషిని పెట్టి, ఇంక ఇద్దరూ సమానమే కదా అంటే అది సమానం కాదు. అట్లాగని మొదటి వైపు వాళ్ళ భయాన్ని కూడా కొట్టిపారేయలేం. ప్రత్యేకం అన్న మాటను పట్టుకుని తలుపు మూసేయడం ఎంత సులువో ఝరియాలో చూశాం కదా.

మన రాజ్యాంగం ఈ రెంటినీ కలిపే పెట్టుకుంది. 14, 16 అధికరణలు సమానత్వం చెప్తాయి. 15(3) స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంటుంది. 42 మానవీయమైన పని పరిస్థితులు, ప్రసూతి సాయం గురించి రాజ్యానికి బాధ్యత పెడుతుంది. రాజ్యాంగ సభ పేరొచ్చింది కాబట్టి ఒక మాట. 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా అక్కడ మాట్లాడుతూ, మా ఆదివాసులకు కావల్సింది మీరు చెప్పే రక్షణలు కాదు, మంత్రుల నుంచి రక్షణ అన్నారు. సభలో మొగవాళ్ళు మరీ ఎక్కువయ్యారు, ఆడవాళ్ళు ఇంకా కావాలని కూడా ఆ ప్రసంగంలోనే అన్నారు. రక్షణ అన్న మాట వినగానే, ఎవరి నుంచి అని అడగడం మనకు ఆయన దగ్గరే అలవాటవ్వాలి.

స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం సెక్షన్ 46తో భూగర్భ నిషేధం మళ్ళీ గట్టిపడింది. పైన కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే. బొగ్గు గనులు జాతీయమయ్యాక, ఆడ కార్మికులు స్వచ్ఛందంగా తప్పుకుంటే ఇంట్లో మొగపిల్లాడికి ఉద్యోగం అనే పథకాలు కూడా నడిచాయి. అట్లా తల్లి ఉద్యోగం కొడుక్కి పోయింది. చివరికి 2019 జనవరిలో భూగర్భంలోకి ఆడవాళ్ళను అనుమతించారు. ఎవరిని? సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనుల్లో ఉన్నవాళ్ళను. డిప్లొమా, ఇంజినీరింగ్ చదివిన చెల్లెళ్ళకు అది మంచి వార్తే, మన పిల్లలు కూడా ఆ ఉద్యోగాల్లోకి పోవాలి. కానీ తట్ట మోసిన కామిన్ మనవరాలికి చదువు అందకపోతే ఆ తలుపు తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే.

ఇక 1961 ప్రసూతి ప్రయోజన చట్టం. మొదట 12 వారాలు, 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పని చేసే చోట శిశు గృహం ఉండాలి. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. కానీ ఖర్చు ఇప్పటికీ పూర్తిగా యజమానిదే. ఈఎస్ఐలో ఉన్నవాళ్ళకైతే బీమా నుంచి వస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లోనే ఈ ఖర్చు ఒక్క యజమాని మీద వేయకూడదని రాసుకుంది. మనం దాన్నీ ఆమోదించలేదు, 2000 నాటి ఒప్పందాన్నీ ఆమోదించలేదు. 26 వారాలు చేశాక ఆడవాళ్ళను ఉద్యోగాల్లో పెట్టుకోవడం తగ్గిస్తారేమోనని భయం వచ్చి, 2018 నవంబరులో కార్మిక శాఖ ఏడు వారాల జీతం యజమానులకు తిరిగి ఇచ్చే ఆలోచన చేస్తున్నామంది. అంబేడ్కర్ గారు 1928లో ప్రభుత్వం మోయాలని చెప్పిన భారం అది. తొంభై ఏళ్ళకు అందులో ఏడు వారాలు ఆలోచన దాకా వచ్చింది.

కోర్టుల్లో నడిచింది కూడా మిశ్రమమే. 1981లో నర్గీస్ మీర్జా కేసులో ఎయిర్ హోస్టెస్‌ను మొదటి కాన్పుకే ఉద్యోగంలోంచి తీసేసే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది, చాలా గట్టిగా తిట్టింది కూడా. కానీ మూడో కాన్పుకైతే తీసేయొచ్చన్న దాంట్లో తప్పు పట్టలేదు, జనాభా అదుపు మాట చెప్పింది. ఈ ఇద్దరు పిల్లల లెక్క మన చట్టాల్లో చాలాచోట్ల ఉంది. పసిపిల్లలు దక్కని చోట, వైద్యం అందని చోట, రెండో బిడ్డ, మూడో బిడ్డ అని లెక్కపెట్టడం ఏం న్యాయం? 2025 మేలో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు కొంత మారింది. ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో భాగమని, ఇద్దరు పిల్లల నిబంధన చూపించి ఆ టీచర్‌కు సెలవు కాదనడం తప్పని చెప్పింది.

మన అక్కలాంటి వాళ్ళకు పనికొచ్చే తీర్పులు రెండున్నాయి. మొదటిది 2000 మార్చి 8న వచ్చింది. అవును, సరిగ్గా మహిళా దినం రోజే. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోడ్ల పని చేసే, గుంతలు తవ్వే ఆడవాళ్ళ కేసు. వాళ్ళు రోజు కూలీలు, రెగ్యులర్ కాదు కాబట్టి మాకు సంబంధం లేదంది కార్పొరేషన్. కడుపుతో ఉన్న మనిషి గుంత తవ్వడం పర్మినెంట్ అయినా కష్టమే, రోజు కూలీ అయినా కష్టమే. కోర్టు వాళ్ళకూ చట్టం వర్తిస్తుందని చెప్పింది. రెండోది 2023 ఆగస్టులో, కవితా యాదవ్ కేసు. ఆమె కాంట్రాక్టు డాక్టరు. కాంట్రాక్టు అయిపోయింది కాబట్టి మిగతా రోజులకు ఇవ్వం అన్నారు. అర్హత వచ్చాక కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రయోజనం మొత్తం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె డాక్టరు కాబట్టి వచ్చింది, వంట మనిషికి రాదు అని చట్టంలో ఎక్కడా లేదు.

మిగిలింది ఏ యజమానీ లేనివాళ్ళు. మా నానమ్మ మా చిన్నాన్నను తునికాకు కల్లం దగ్గరే కన్నది. ఆ పొద్దున కట్టలు కట్టింది, మూడో రోజుకి మళ్ళీ అడవికి పోయింది. ఆమెకు యజమాని ఎవరు? ఆకు కొన్న కాంట్రాక్టరా, అటవీ శాఖా, అడవా? 2013 ఆహార భద్రతా చట్టం ఇట్లాంటి వాళ్ళ కోసం ఒక మాట పెట్టింది. ప్రభుత్వోద్యోగుల్లాంటి వాళ్ళు తప్ప ప్రతి గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలి. చట్టంలో ఉన్న మాట ప్రతి గర్భిణి అని. 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన వచ్చేసరికి అది 5,000, అదీ మొదటి కాన్పుకే, మూడు కిస్తుల్లో అయింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అని కలిపారు. 26 వారాల జీతం ఎక్కడ, 5,000 ఎక్కడ! ఒకే దేశంలో, ఒకే కాన్పుకు.

అందుకే స్త్రీవాదుల్లో కూడా ఇప్పుడు చాలామంది, సమానమా ప్రత్యేకమా అన్నది పక్కన పెట్టి, ఆడమనిషి చేసే పనిని పనిగా లెక్కిస్తున్నారా, ఖర్చు ఎవరు మోస్తున్నారు అని అడుగుతున్నారు. నాకు ఆ రెండు ప్రశ్నలే ముఖ్యం అనిపిస్తాయి. అంటే తమ్ముడి ప్రశ్న తప్పని కాదు. ఆడమనిషికి మొగవాడితో సమానత్వం గురించి అడిగాడు, ఆడమనిషికీ ఆడమనిషికీ మధ్య ఉన్న తేడా కూడా అడగాలి అంటున్నాను.

ఇక అక్క సంగతి. అదే తమ్ముడు, నేను కలిసి దరఖాస్తు రాశాం. పని చేసిన రోజుల లెక్క, బ్యాంకు పాస్‌బుక్ కాపీ, ఆశా వర్కర్ ఇచ్చిన ఎంసీపీ కార్డు కాపీ పెట్టాం. చట్టం ప్రకారం కడుపుతో ఉన్నప్పుడు తీసేసినా ప్రయోజనం పోదని అందులో రాశాం. నోటి మాటగా రావొద్దన్న తేదీ కూడా రాశాం, ఎందుకంటే రేపు ఆమే మానేసిందని అంటారు. కాంట్రాక్టర్‌కు ఒక కాపీ రిజిస్టర్ పోస్టులో పంపాం. కార్మిక శాఖ ఆఫీసులో ఇంకో కాపీ ఇచ్చి, మా కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం. మొదట తర్వాత రండి అన్నారు. తమ్ముడు కదలకుండా అక్కడే కూర్చున్నాడు, అప్పుడు వేశారు. సోమవారం మళ్ళీ పోతున్నాం. అక్కకు ఎనిమిదో నెల, బస్సులో అంత దూరం రాలేదు, కాబట్టి ఇంకో ఇద్దరు తోడుంటే మంచిది. రాగలిగినవాళ్ళు నాకు చెప్పండి.